తాడు వదిలిన చెయ్యి

పోయిన వారం ఉదయలక్ష్మిని మనం విడిచిపెట్టిన చోటు చిత్తూరు హైరోడ్డు మలుపు. కరెంటు డబ్బా ముందు గోనెపట్టా పరుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక ముఖం మొదలుపెట్టబోతోంది. వీధివీధికీ నిలబెట్టిన కరెంటు డబ్బాల మీద బొమ్మలు వేయించాలని నగరపాలక సంస్థ ఊళ్ళో చిత్రకారుల్ని పిలిచినప్పుడు, తక్కినవాళ్ళంతా నీడ ఉన్న డబ్బాలు కోరుకున్నారు. ఆమె మాత్రం మధ్యాహ్నం దాకా ఎండ విడవని ఈ మలుపే కావాలని పట్టుబట్టింది. డబ్బాకు ఎదురుగా, ఆరడుగుల దూరంలో, ఢిల్లీబాబు ఫ్లెక్సు షాపు షట్టరు ఉంది.

ఢిల్లీబాబు ఒకప్పుడు ఆమె నాయన గోవిందస్వామి దగ్గర పని నేర్చుకున్న మనిషి. పద్నాలుగేళ్ళ కింద, మామిడి మండీ పక్కన గోదాము గోడకు ఎరువుల కంపెనీ ప్రకటన వేస్తూ గోవిందస్వామి ముప్పై అడుగుల ఎత్తు నుంచి పడ్డాడు. ఆయన కూర్చున్న పలకకు కట్టిన తాడు, గోడ మీది కప్పీ దాటి కిందికి వచ్చి, ఒక మనిషి చేతుల్లో ఉండింది. ఆ చేతులు వదిలేశాయి. నడుము విరిగిన ఆయన ఎనిమిది నెలలు మంచంలో ఉండి చనిపోయాడు. ఆ చేతులు ఢిల్లీబాబువని ఉదయలక్ష్మికి చెప్పింది ఆమె మేనమామ మురుగేష్. అతను కూడా ఆ గోడ దగ్గర పనిలో ఉన్నవాడే. ఐదేళ్ళ తరువాత ఆమె అతన్నే పెళ్ళి చేసుకుంది. ఈ డబ్బాలకు ఇప్పుడు ఇద్దరూ కలిసే రంగులేస్తున్నారు.

ఆఫీసుకు ఇచ్చిన నమూనాలో ఈ బొమ్మ పేరు 'మన ఊరి గోడ చిత్రకారులు'. పైన పలక మీద కూర్చుని బ్రష్షు ఎత్తిన పెద్దాయన, కింద తాడు పట్టుకుని నిలబడ్డ పనివాడు. ముఖాలు లేవు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. బాగుందన్నారు, సంతకం పెట్టారు. నమూనాలో లేనిది ఒకటుంది. డబ్బా మీద కింది మనిషి వేళ్ళు విచ్చుకుని ఉంటాయి. తాడు అప్పుడే వాటిని విడిచి అంగుళం దూరంలో ఉంటుంది. దారిన పోయేవాళ్ళు దాన్ని పట్టించుకోరు. లోకంలో ఒక్కడికి మాత్రం అర్థమవుతుంది. వాడు రోజూ షట్టరు ఎత్తగానే దాన్ని చూడాలి. సాయంత్రం దించే ముందు మళ్ళీ చూడాలి. ఐదేళ్ళ దాకా ఆ బొమ్మల్ని ఎవరూ చెరపకూడదని నియమం కూడా ఉంది.

ఊరికి తెలియాలని ఆమెకు లేదు. కేసు పెట్టాలని లేదు. వాడికి మాత్రం ఒక్క పొద్దు కూడా మరుపు దొరకకూడదు. ఆమె పగ అంత చిన్నది, అంత ఓపికైనది.

శుక్రవారం పొద్దున ఆరు గంటలకు ముఖం మొదలైంది.

ద్వేషం గురించి తనకు తెలియని సంగతి ఒకటి ఆ రెండు గంటల్లో ఉదయలక్ష్మికి తెలిసింది. నాయన ముఖం వేయడానికి ఆమె నాలుగు రోజులు తంటాలు పడింది. పాత ఫోటోలు మూడు ముందర పెట్టుకున్నా పోలిక కుదరలేదు. గడ్డం వస్తే కళ్ళు రావు, కళ్ళు వస్తే నవ్వు రాదు. ఇష్టమైన ముఖాన్ని ఆమె ఎప్పుడూ పరీక్షగా చూడలేదు. అది అక్కడ ఉంటుందన్న ధైర్యంతో పక్కకు చూస్తూ పెరిగింది. ఢిల్లీబాబు ముఖానికి ఫోటో అవసరం రాలేదు. ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని గాటు. గీత గీసేటప్పుడు కింది పెదవి లోపలికి పీల్చుకునే అలవాటు. పని మధ్యలో చెవి వెనకకు తోసిన జుట్టు. ముప్పై ఏళ్ళ వయసు నాటి ఆ ముఖాన్ని ఆమె పద్నాలుగేళ్ళుగా రోజూ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నదే. చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఆమె ఏదీ కల్పించలేదు, వికారం చేయలేదు. నాయన పడిన రోజు చూసినప్పుడు ఎట్లా ఉన్నాడో అట్లాగే దించింది.

ఎనిమిదింటికి వెనక్కు జరిగి చూసింది.

ముఖం అందంగా వచ్చింది.

"ఇది మన ఢిల్లీబాబు కాదా!" వెనక నుంచి గొంతు వినిపించింది. మలుపులో టీ బండి నడిపే సిద్ధమ్మ, గ్లాసు చేతిలో పట్టుకునే వచ్చి నిలబడింది. "ఓయమ్మా, అట్లే దించేసినావే! పొట్ట రాకముందర బాబు కదా ఇది. అప్పుడెంత సక్కగా ఉండె!"

"టీ ఆడ పెట్టిపో సిద్ధమ్మక్కా."

"పోతాలే. ఒక్క మాట. ఈ అబ్బోడికి ఇంత అందం యాడిది? నువ్వు రొంత జాస్తి ఏసినావు."

"జాస్తి ఏమీ ఏయలా. ఉండిందే ఏసినా."

"అట్లయితే ఇన్నేండ్లూ మేమే సరిగా సూడలేదులే," అని సిద్ధమ్మ షాపు వైపు తిరిగి గొంతెత్తింది. "ఓ ఢిల్లీబాబూ! ఫ్లెక్సులు తర్వాత కొట్టచ్చు, బయటికి రాప్పా! నీకు కటౌట్ పెట్టినారు!"

మండీకి పోయే బెంగళూరా మామిడికాయల లారీ ఒకటి మలుపులో నెమ్మదించింది. డ్రైవరు తల బయటపెట్టి బొమ్మనూ, షాపులోంచి వస్తున్న మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"ఏందన్నా, హీరో మాదిరి ఉండావే! ఏ సినిమా?"

"రిలీజు కాలేదులేప్పా, నువ్వు బండి తియ్యి, ఎనకాల హారన్ కొడతాండారు!" అన్నాడు ఢిల్లీబాబు. నలభై అయిదుకు దగ్గరపడ్డ మనిషి. కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకున్నాడు. చొక్కా బొత్తాలు పొట్ట దగ్గర బిగుసుకున్నాయి. బొమ్మ ముందు నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, నోరు తెరిచి నవ్వాడు. ఆ నవ్వు నిజమైనది. ఫ్లెక్సు తీసుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఫోను పైకెత్తితే, బొమ్మ పక్కన తల వంచి నిలబడ్డాడు కూడా.

"పుట్టినరోజు ఫ్లెక్సులు ఏలకేలు కొట్టింటా. నా మొగం ఒక్క దాంట్లో ఇట్లా రాలేదు," అన్నాడు. తరువాత పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలిచాడు. "ఉదయా, నీది మీ నాయన చెయ్యే, మేస్త్రి చెయ్యే."

ఆమె వెన్ను నిటారుగా అయింది. పదకొండు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని తాను సిద్ధం చేసింది శిక్ష అనుకుంది. వాడు దాన్ని కానుక లాగా అందుకుంటున్నాడు. ఒక మనిషిని పగతో చూడడానికీ ప్రేమతో చూడడానికీ కావలసిన శ్రద్ధ ఒకటే కాబోలు. రంగులకు తేడా తెలియలేదు.

"చేతిని సూడు," అంది.

"ఆఁ?"

"మొగం సూసి మురిసింది సాలు. చేతిని సూడు."

ఢిల్లీబాబు కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు. వంగాడు. విచ్చుకున్న వేళ్ళు, వాటిని విడిచిన తాడు, తాడుకూ వేలికీ మధ్య ఆమె వదిలిపెట్టిన అంగుళం లేత నీలం. అతని మెడ వెనక నరం ఒకటి కదిలింది. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది గానీ అందులో మనిషి లేడు.

"సిద్ధమ్మా," అన్నాడు వంగినవాడు వంగినట్టే, "బండికాడ పాలు పొంగుతాండాయేమో సూడుపో." ఫోను పట్టుకున్న పెద్దమనిషితో, "సార్, గంటాగి రాండి, మీ ఫ్లెక్సు ఇంగా ఆరలా," అన్నాడు. ఇద్దరూ కదిలేదాకా ఆగి, డబ్బా పక్కన గట్టు మీద కూలబడ్డాడు.

"ఇదా నీ మనసులో ఉండింది?"

"ఇదే."

"ఇన్నేండ్లూ?"

"ఐదేండ్లు నీ మనసులో కూడా ఉండాల. దినామూ షట్టరెత్తినప్పుడంతా ఇది నీకు కనపడాల. చెరపను కూడా చెరపలేవు."

ఆమె గొంతు తాను అనుకున్నట్టే స్థిరంగా ఉంది. ఈ మాటల్ని ఆమె వందల సార్లు లోపల అనుకుంది. స్నానం చేస్తున్నప్పుడు, బస్సులో, మురుగేష్ పక్కన పడుకుని ఫ్యాను చూస్తున్నప్పుడు. ప్రతిసారీ అవతలి మనిషి ముఖం తెల్లబోయేది, కాళ్ళ మీద పడేవాడు, లేదంటే అరిచేవాడు. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషి అవేవీ చేయలేదు. గోనెపట్టా మీది రంగు డబ్బాల్ని చూస్తున్నాడు. మూతలు తీసి ఉన్న వరస చూసి, పాత అలవాటు కొద్దీ, తెల్లరంగు డబ్బా మూత అందుకుని దాని మీద పెట్టాడు.

"నాయన సచ్చిపోతే ఫ్లెక్సు కొట్టి వీధిలో కట్టినావు," అంది ఉదయలక్ష్మి. "బ్రష్షుతో బతికినోడికి ఫ్లెక్సు. గుర్తుండాదా?"

"ఉండాది. మీ ఇంట్లో ఎవురో సించి కాలవలో ఏసినారు."

"ఎవురో కాదు. నేనే."

"తెల్సు." అతను లేచాడు. మళ్ళీ బొమ్మ దగ్గరికి పోయాడు. ఈసారి చూసింది తన ముఖాన్ని కాదు. పనివాడు ఇంకొక పనివాడి పనిని చూసే చూపు అది. పై నుంచి కిందికి, అంచు నుంచి లోపలికి. చూపుడు వేలు బొమ్మకు తగలకుండా గాల్లో కదిలింది. చెవి దగ్గర ఆగింది.

"ఇది ఎందుకు ఏసినావు?"

"ఏది?"

"చెవి మీద ఈ బ్రష్షు."

"ఉండింది కాబట్టి ఏసినా. ఆ పొద్దు సంగటి తెచ్చినప్పుడు నిన్ను సూసినా కదా. నీ చెవి మీద ఉండింది."

"ఏ బ్రష్షు?"

"సన్నది. అక్షరాల..."

మాట అక్కడ ఆగింది. ఆమె ఆపలేదు. అదే ఆగింది.

అక్షరాలు రాసే రోజు తాడు ముట్టకూడదు. గోవిందస్వామి దగ్గర పనిచేసినవాళ్ళకు ఇది మొదటి పాఠం. మనిషిని మోసే తాడు ముప్పావుగంట బిగబట్టిన చెయ్యి, ఆ తరువాత రెండు గంటల దాకా లోపల్లోపల వణుకుతూనే ఉంటుంది. బొమ్మలో అయితే ఆ వణుకు ఆకులోనో నీటిలోనో కలిసిపోతుంది. అక్షరంలో దాగదు. అందుకని రోజుకు ఒకరిని అక్షరాలకు నియమించేవాడు. ఆ మనిషి సన్న బ్రష్షు కడిగి చెవి మీద పెట్టుకునేవాడు. అది చెవి మీద ఉన్నవాడికి ఎవరూ బరువు అందించరు, తాడు అందించరు. పదమూడేళ్ళప్పుడు ఉదయలక్ష్మి తొలిసారి అక్షరాలు రాయబోతూ, తెలియక తాడు చుట్ట మోసుకొచ్చి దించింది. నాయన ఆ రోజంతా ఆమెకు బ్రష్షు ఇవ్వలేదు. ఏడ్చినా ఇవ్వలేదు.

ఆ పద్ధతి ఆమెకు తెలుసు. ఊపిరి తీయడం తెలిసినంత బాగా తెలుసు. ఆ బ్రష్షు చెవి మీద చూసిన సంగతీ తెలుసు. ఈ రెండింటినీ పద్నాలుగేళ్ళు ఒకదానికొకటి ఎదురుపడనివ్వకుండా లోపల ఎవరో కాపలా కాశారు. నమూనాలో చెవి మీద బ్రష్షు లేదు. ఈ పొద్దున ముఖం వేస్తూ వేస్తూ చెయ్యి దానంతట అదే వేసేసింది. కాపలా కాసినవాళ్ళు చెయ్యి సంగతి మరిచిపోయారు.

"మనుషులు తక్కువుంటే..." అంది. "తక్కువుంటే ఎవురో ఒకరు పట్టుకుంటారు. నువ్వే పట్టుకుని ఉంటావు."

"మేస్త్రి కాడనా? అక్షరాలోడు తాడు పట్టుకుంటే ఆయన పలక ఎక్కుతాడా? నీకు తెలీదా?" ఢిల్లీబాబు గొంతు తగ్గించాడు. "ఆ పొద్దు మేం ముగ్గురుంటిమి. పైన మేస్త్రి. కింద మూల్లో గోడకు మొగం పెట్టి అక్షరాలు రాస్తా నేను. ఇంగొకడు."

ఆమె చూపు బొమ్మ చెవి మీదికి పోయింది.

"ఆ ఇంగొకడు తెలిసి వదిలినాడో, సెయ్యి జారిందో నేను సెప్పలేను. నా ఈపు అటుండింది. సప్పుడు విన్నాకనే తిరిగినా."

"అబద్ధం. అదే అయితే ఇన్నేండ్లు ఎందుకు గమ్మునుండినావు?"

"మీ అమ్మ వచ్చింది మా ఇంటికి. కుప్పమ్మక్క. ఆస్పత్రి నుంచి నేరుగా. మొగుడు మంచంలో పడినాడు, తమ్ముణ్ణి కూడా పోలీసోళ్ళు పట్టుకుపోతే నేనూ బిడ్డా ఎట్లా బతకాల అనింది. కాళ్ళు పట్టుకోబోయింది. నేను ఎవురి పేరూ సెప్పలా. అంతే నేను సేసింది. నా పేరు సెప్పింది ఎవురో నీకే తెల్సు."

"మరి ఇయ్యాల ఎందుకు సెప్తాండావు?"

ఢిల్లీబాబు ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపులో మంచితనం లేదు. ఉందని అనుకోవడానికి కూడా అతను అవకాశం ఇవ్వలేదు.

"నీ మీద జాలితో అనుకోవద్దు. పద్నాలుగేండ్లు ఈ దోవన పోతా నా షట్టరు కాడ ఉమ్మేసి పోయినావు. నా కూతురు ఒగ దినం అడిగింది, ఆ ఆంటీ ఎందుకు నాయనా అట్లా సేస్తాది అని. దానికి బదులు సెప్పలేక గమ్మునుండినా. నాకూ కడుపులో ఉండదా? బొమ్మ కింద నీ పేరు రాసుకుంటావు కదా. రాసుకో. అబద్ధం ఏసినానని నీకు తెలిసి రాసుకో. దినామూ నేను సూస్తా, నువ్వూ సూడు."

షాపులోకి పోయాడు. లోపల మిషను శబ్దం మొదలైంది.

ఉదయలక్ష్మి నడిచింది. చేతిలో బ్రష్షు ఉన్న సంగతి మండీ గేటు దగ్గరికి వచ్చాక గమనించింది. లారీల వరస మధ్యలో, పండిన కాయల తీపి వాసన మధ్యలో, గోదాము గోడ అట్లాగే ఉంది. పైన నాయన వేసిన ఎరువు బస్తా బొమ్మలో బస్తా వెలిసిపోయి, దాన్ని మోస్తున్న రైతు తలపాగా మాత్రం మిగిలింది. ఆ ప్రమాదం తరువాత కంపెనీవాళ్ళు ఫ్లెక్సుకు మారారు. ఆ గోడను మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు.

కింద, మనిషి ఎత్తులో, ఎర్రరంగు అక్షరాల వరస. 'అన్ని అంగళ్ళలో దొరు...' అంతవరకే.

ఆ అక్షరాలు ఢిల్లీబాబువని ఎవరూ చెప్పనక్కర్లేదు. గుండ్రాల మెలికలో ఎవరి చెయ్యి వాళ్ళకే ఉంటుంది. ఆమె ఈ గోడ ముందు నుంచి లెక్కలేనన్ని సార్లు పోయింది. చివరి అక్షరం కొమ్ము దగ్గర నుంచి ఎర్రగీత ఒకటి వంకరగా కిందికి, మోకాలి దాకా జారి ఉంటుంది. ఏదో లారీ ఒరుసుకుపోయిందని ఆమె అనుకునేది. అనుకోవడం అంటే ఇదేనని ఇప్పుడు తోచింది. చూడకుండా ఉండడానికి మనసు కట్టుకునే తెర. గీత మీద వేలు పెట్టింది. లారీ ఒరిస్తే రంగు పోతుంది. ఇక్కడ రంగు ఉంది. పైన దట్టంగా, కిందికి పోను పోను పలచగా. రాస్తున్న చేతిలో బ్రష్షు ఉండగానే ఆ మనిషి ఉలిక్కిపడి తిరిగాడు.

మంచంలో ఉన్న ఎనిమిది నెలల్లో నాయన తాడు మాట ఎత్తలేదు. ఆయనకు కింద ఏం జరిగిందో కనపడే వీలు లేదు. ఒకటి మాత్రం అడుగుతుండేవాడు. "ఢిల్లీబాబు ఆ లైను పూర్తి సేసినాడా?" ఆ పేరు ఎత్తగానే ఆమె పళ్ళు కొరికేది. ఆయన ఎగతాళిగా అంటున్నాడని, లోపల రగిలిపోతున్నాడని అనుకుని, ఆయన తరఫున కూడా తానే రగిలిపోయింది. నిజానికి ఆయన మామూలుగా పని గురించే అడిగాడు. ఆ రోజు అక్షరాలు ఎవరివో ఆయనకు తెలుసు.

వంద అడుగుల దూరంలో లారీ మీద నుంచి కాయలు దించుతున్న మనుషులు ఏదో మాటకు పగలబడి నవ్వుతున్నారు. ఉదయలక్ష్మి గోడకు వీపు ఆనించి నిలబడింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. కోపం తగ్గుతుందేమోనని చూసింది. అది తగ్గలేదు సరిగదా, ఇన్నాళ్ళూ దూరంగా ఉన్నవాడి మీద పెట్టుకున్నప్పటి కంటే ఇప్పుడే దానికి ఒక ఇల్లు, ఒక కంచం, ఒక దిండు దొరికినట్టయింది.

పెళ్ళైన తొమ్మిదేళ్ళలో మురుగేష్ ఒక్కసారి కూడా పలక ఎక్కలేదు. ఎత్తుకు పోతే కళ్ళు తిరుగుతాయన్నాడు. ఎక్కేది ఆమె. తాడు పట్టేది అతను. ఇనుప స్తంభానికి రెండు చుట్లు చాలు మామా అని ఆమె పై నుంచి అరిచినా, మూడు చుట్లు వేసేవాడు. అది తన మీద ప్రేమ అనుకుని, ఎండలో వేలాడుతూ, ఆమె ఎన్నోసార్లు లోపల మెత్తబడింది. మూడో చుట్టు ఎవరి కోసమో ఇప్పుడు ఆలోచించింది. భయపడ్డవాడు వేసే చుట్టా, నేరం తెలిసినవాడు వేసే చుట్టా? చెయ్యి ఒకసారి జారినవాడికీ, ఒకసారి కావాలని వదిలినవాడికీ ఆ చుట్టు ఒకే రకంగా ఉంటుంది.

తిరిగి వచ్చేసరికి మురుగేష్ డబ్బా పక్కనే ఉన్నాడు. రంగులు తేవడానికి పొద్దున పోయినవాడు ఖాళీ చేతులతో వచ్చాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. షాపు షట్టరు సగం దించి ఉంది.

"యాడికి పోయినావు మే? డబ్బాల మూతలన్నీ తీసి పెట్టి! రంగు తోలు కట్టిపోదా?" అని, బదులు కోసం చూడకుండానే, "ఒక మాట సెప్తే ఎగిరి గంతేస్తావు. ఆఫీసులో మేడమ్ పిలిపించింది. మన డబ్బాలు సూసిందంట. కొండ కింద నీళ్ళ ట్యాంకుండాదే, పెద్దది, దానికి బొమ్మలు మననే ఏయమంటాంది! రేపే మొదలుపెట్టాల. ఇంగ డబ్బాల కాడ మోకాళ్ళు అరగదీసుకునే పని లేదు," అన్నాడు.

"మామా," అంది ఉదయలక్ష్మి. "మొగం ఏసినా. సూసినావా?"

"సూసినా. బాగుండాది. అట్లే ఉండాడు ఆ నా కొడుకు."

"సరిగా సూడు. తప్పేమన్నా కనపడతాందా?"

మురుగేష్ వంగాడు. ఆమె బొమ్మను చూడలేదు, అతని కళ్ళనే చూసింది. అవి ముఖం మీద నిలవలేదు. తెరిచిన చేతి దగ్గర క్షణం ఆగాయి. అక్కడ నుంచి, ఎవరో పిలిచినట్టు, నేరుగా చెవి దగ్గరికి పోయాయి. పోయినంత వేగంగా తప్పుకున్నాయి.

"ఆ బ్రష్షు ఎందుకు?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "బాగలేదు. తీసేయ్."

"ఎందుకు బాగలేదు?"

"ఎందుకంటే... సూడ్డానికి బాగలేదు మే. చెవి కాడ గజిబిజిగా ఉండాది. ఉండు, నేను కప్పేస్తా." గోనెపట్టా మీది నల్లరంగు డబ్బా అందుకోబోయాడు. వేళ్ళు అంచు మీద సరిగా పడలేదు. డబ్బా ఒరిగి, నల్లరంగు గోనె మీద నెమ్మదిగా పాకింది.

పొద్దుటి నుంచి ఆ బొమ్మను ఎంతోమంది చూశారు. బ్రష్షు సంగతి అడిగినవాడు ఒకడు. చెరపబోయినవాడు ఒకడు.

"ఉండనీ మామా," అంది. వంగి డబ్బా నిలబెట్టింది. అతని మణికట్టు పట్టుకుని మెల్లగా పక్కకు జరిపింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. పద్నాలుగేళ్ళుగా ఆమె వెతుకుతున్న చెయ్యి. రోజూ తన పక్కనే అన్నం కలుపుకుని తిన్న చెయ్యి. తన వేళ్ళ కింద దాని నాడి కొట్టుకోవడం ఆమెకు తెలిసింది. తన గొంతు ఎంత ప్రశాంతంగా ఉందో విని తానే ఆశ్చర్యపోయింది.

"ట్యాంకు ఎత్తెంత?"

"ఆఁ? అరవై అడుగులు ఉంటాదేమో. కొయ్యలు నిలబెట్టి సారం కట్టే తావు లేదంట సుట్టూరా. పలక మీదనే దిగాల. నీకది అలవాటే కదా."

"రేపు నేనెక్కను."

"మరి?"

"నువ్వెక్కు మామా. తాడు నేను పట్టుకుంటా."

మురుగేష్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆమె ముఖం చూసి, ఆ మిగతా సగం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"నాకు పైకి పోతే కండ్లు తిరుగుతాయని తెల్సు కదా నీకు."

"తెల్సు," అంది ఉదయలక్ష్మి.